పేరెత్తని కోడలు

గుర్రాన్ని తోలుకుపోతున్న పొరుగాయన వెంట చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది జిపార్. రొట్టెల పిండి మోచేతుల దాకా అంటుకుని ఉంది.

“ఆగన్నా. ఆ గుర్రం అమ్మకానికి లేదు.”

“అదేంటమ్మా? మీ మామగారే ఇచ్చాడు. అమ్ముతావా బాబాయ్ అంటే తల ఊపాడు. ఇప్పుడే తోలుకుపోనా అంటే మళ్ళీ ఊపాడు. చెయ్యి కూడా కలిపాడు.”

“ఆయన ఈమధ్య అందరికీ ఊపుతున్నారన్నా. ఇల్లు నాకిచ్చేసి కొండెక్కి కూర్చుంటావా అని అడిగి చూడు, దానికీ ఊపుతారు.”

పొరుగాయన చెడ్డవాడేం కాదు. నాలుక కరుచుకుని పగ్గం ఆమె చేతిలో పెట్టాడు. కానీ ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా? సాయంత్రానికల్లా ఈ కబురు అత్‌బాషీ లోయ దాటి, కొండలు దాటి, రాజధాని బిష్కెక్‌లో అయిదో అంతస్తులో కాపరం ఉంటున్న ఆడపడుచు గుల్సున్ చెవిన పడింది. ఆవిడ అప్పటికప్పుడు ఫోన్ చేసింది.

“జిపార్, ఇంక లాభం లేదు. గడ్డి కోతలు అవగానే వచ్చి నాన్నని నాతో తీసుకుపోతాను. మీ ఆయన చూస్తే మందతో కొండ మీద పై మేతలో ఉంటాడు. నువ్వొక్కదానివి ఎంతకని కాస్తావు? రేపింకెవడో వచ్చి ఇల్లు ఇస్తావా అంటాడు, ఈయన చెయ్యి కలుపుతాడు.”

“వదినా, ఆయన గుర్రాల్లేకుండా ఉండలేరు.”

“మనం చెప్పేది ఒక్క ముక్క ఎక్కట్లేదు కదే ఆయనకి. నీ మాటైనా అర్థమవుతోందా? నిజం చెప్పు.”

జిపార్ నిజం చెప్పలేకపోయింది, ఎందుకంటే నిజమేమిటో ఆమెకే తెలియదు. వేరే లోయ నుంచి బిక్కుబిక్కుమంటూ ఈ ఇంటికి కాపరానికి వచ్చినప్పుడు అత్తగారు అప్పటికే లేరు. గుర్రంపాలు పితకడం నేర్పింది మామగారే. మొగుడు ఎర్మెక్ ఎప్పుడైనా గొంతు పెంచితే, మామగారు కొరడా మడత పెట్టి మోకాలి మీద కొట్టుకుంటూ “ఏమిట్రా?” అని ఒక్క మాట అనేవాడు. అంతే, ఎర్మెక్ గొంతు పిల్లి గొంతయ్యేది. తండ్రిని చిన్నప్పుడే పోగొట్టుకున్న జిపార్‌కి ఆయనే తండ్రి. ఆయన్ని పంపించడం ఆమెకి ఇష్టం లేదు. ఉంచుకోవాలంటే మాత్రం, ఇంట్లో కనీసం ఒక్కరి మాటైనా ఆయనకి అర్థమవుతోందని గుల్సున్‌కి చూపించాలి.

ఈ వసంతంలో ఒక ఉదయం మామగారికి, అంటే బాల్తబాయ్ పెద్దాయనకి, తలలో ఒక రక్తనాళం మూసుకుపోయింది. దేవుడి దయవల్ల కాళ్ళూ చేతులూ పడిపోలేదు. ఇప్పటికీ జీను వేయగలడు, కత్తి నూరగలడు. పోయింది మాట ఒక్కటే. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే రేకు కప్పు మీద వాన విన్నట్టు వింటాడు. తను నోరు తెరిస్తే ఒక మాట బదులు ఇంకో మాట వస్తుంది. అది తనకే తెలిసి, సిగ్గేసి, మాట్లాడటం మానేశాడు. కానీ మనిషి పుట్టు మర్యాదస్థుడు. పలకరించినవాళ్ళని చిన్నబుచ్చడం చేతకాదు. అందుకని ఎవరేమన్నా తల ఊపడం పెట్టుకున్నాడు. జిపార్ చెప్పిన పనులు మాత్రం ఒక్కోసారి చేసేవాడు. అర్థమై చేస్తున్నాడో, అలవాటుకొద్దీ చేస్తున్నాడో ఆమెకి తేలేది కాదు.

ఫోన్ పెట్టేసిన మర్నాడే ఆమె జిల్లా ఆసుపత్రికి కబురంపింది. మాటల డాక్టరమ్మ బెర్మెత్ వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉండే మనిషి, కడుపునిండా తిని కడుపునిండా నవ్వే రకం. ఉన్ని ఒత్తి చేసిన నమదా మీద గిన్నె, టోపీ, కొరడా, గొడ్డలి, చెంచా వరసగా పెట్టింది.

“అతా, కొరడా చూపించండి,” అంది. అక్కడ తండ్రినీ, తండ్రిలాంటి పెద్దవాళ్ళనీ అలాగే పిలుస్తారు.

పెద్దాయన తల ఊపాడు.

“అతా, గొడ్డలి ఏది?”

తల ఊపి, ఆవిడ నొచ్చుకోకూడదని కాబోలు, గిన్నె తీసి చేతికిచ్చాడు. బెర్మెత్ అందులో టీ పోయించుకుని, రొట్టెకి మీగడ దట్టంగా రాసుకుంది.

“ఉన్ని గుడారం ఎప్పుడైనా లేపావా?” అని అడిగింది జిపార్‌ని.

“ప్రతి ఏడూ లేపుతాం కదండీ, పై మేతకి పోయినప్పుడు.”

“ఒక్కదానివే లేపగలవా?”

“ఒక్కరి వల్ల ఎలా అవుతుంది? ఒకరు మధ్యలో నిలబడి పైచక్రాన్ని ఎత్తి పట్టుకోవాలి. మిగతావాళ్ళు చుట్టూ నిలబడి దానికి వాసాలు గుచ్చాలి.”

“మాట అర్థం కావడం కూడా అంతే. తలలో ఒక్కచోట అయ్యే పని కాదది. చెవి పక్కనొకడు చప్పుళ్ళని విడదీస్తాడు. వాడి వెనకాల, ఎడమవైపు, ఇంకొకడు ఆ చప్పుడు ఏ మాటో పోల్చుకుంటాడు. ముందువైపు వాడి పని, వాక్యం పూర్తయ్యేదాకా మొదటి సగాన్ని జారనివ్వకుండా పట్టుకోవడం, ఎవరు ఎవర్ని తన్నారో వరస తేల్చడం. కుడివైపు వాడేమో గొంతు వింటాడు. కోపంగా అన్నారా, వేళాకోళంగా అన్నారా, అసలు అన్నదెవరు, అని. అందరూ ఒక్కసారే వాసాలు గుచ్చుతారు. ఒకడి చెయ్యి జారితే పక్కవాడు అందుకుంటాడు.”

“మరి మా అతాకి ఏమైంది?”

“ఎడమవైపు వాసాలు గుచ్చేవాడు మంచాన పడ్డాడు. మిగతావాళ్ళు నిక్షేపంలా ఉన్నారు. వాడి పనిలో కాస్త కాస్త వాళ్ళకి నేర్పాలి. అందుకు రోజూ మాట్లాడే మనిషి కావాలి. అంటే నువ్వే. ఏదీ, ఆయనతో ఏదైనా అను, వింటాను.”

జిపార్ మామగారి వైపు తిరిగింది. “అతా, నరికేదాన్ని గోడకి వాల్చి, మేమేల కొట్టం తలుపు వేసొస్తారా?”

పెద్దాయన గొడ్డలి తీసుకుని బయటికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఆడవాళ్ళిద్దరూ పట్టించుకోలేదు. ఎందుకంటే బెర్మెత్ అప్పటికే కళ్ళు పెద్దవి చేసుకుని జిపార్‌ని చూస్తోంది.

“నరికేదేమిటి? మేమేలేమిటి?”

జిపార్ చెవులు ఎర్రబడ్డాయి. “పేరెత్తకూడదు కదండీ.”

అదీ సంగతి. బాల్త అంటే గొడ్డలి. కోడలనేది మామగారి పేరు ఎత్తదు. ఆ పేరులో ఏ వస్తువుందో దాని పేరు కూడా ఎత్తదు. మామగారి అన్న కొజూబెక్ పేరులో గొర్రెపిల్ల ఉంది, తమ్ముడు బులాక్ పేరులో నీటి ఊట ఉంది. కాబట్టి జిపార్ నోట కాపరానికి వచ్చిన రోజు నుంచీ గొడ్డలి నరికేదే, గొర్రెపిల్ల దాని అరుపుని బట్టి మేమే, ఊట పారేది. ఆ లోయలో ఇది వింతేం కాదు. బెర్మెత్ అత్తగారు మాత్రం బిష్కెక్‌లో లెక్కల టీచరు, ఇలాంటివి ఆవిడ పట్టించుకోదు. దాంతో డాక్టరమ్మకి ఈ అలవాటు చెవిన పడి చాలా కాలమైంది.

“చంపావు పో. ఒంట్లో బాగున్నవాడికే ఇదంతా పొడుపుకథ. మాట పోల్చుకునేవాడు మంచాన పడి ఉంటే వాడి నెత్తిన ఇంత మోపు పెడతావా? ఇవాళ్టి నుంచి అన్నీ ఉన్న పేర్లతో చెప్పు. ముందు ఆయన పేరు పెట్టి పిలు, అప్పుడు మనసు ఇటు తిరుగుతుంది. తర్వాత మాట చెప్పు.”

“పేరు పెట్టా?”

“పేరు పెట్టే.”

పక్కింట్లో ఉండే పెద్దత్త సాదత్, కొజూబెక్ గారి భార్య, చల్లకుండ ఇచ్చే నెపంతో గుమ్మంలోనే నిలబడి ఉంది. “మామగారిని పేరు పెట్టి పిలుస్తుందా? పిలవనీ. ముందు నన్ను పూడ్చి రండి, తర్వాత తీరిగ్గా పిలుద్దురుగాని,” అని చల్లకుండ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

జిపార్ ఆ సాయంత్రం పశువుల కొట్టంలో ఆవు పక్కన కూర్చుని పేరు సాధన చేసింది. మొదటి అక్షరం దగ్గరే ఆగి చుట్టూ చూసింది. తను పిలిచిందని ఎవరికీ చెప్పదన్న ధైర్యంతో ఆవు చెవిలో పూర్తిగా అంది. ఆవు ఏమీ అనుకోలేదు. రెండోసారి ఇంకాస్త గట్టిగా అంది. కొట్టం కూలిపోలేదు.

పొద్దున టీ పోసి, కళ్ళు నేలమీద పెట్టి అనేసింది. “బాల్తబాయ్ అతా, టీ తాగండి.”

పెద్దాయన ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశాడు. గడ్డం సవరించుకున్నాడు. కొక్కేనికి ఉన్న తెల్ల నమదా టోపీ తీసి పెట్టుకుని, జరిగి పక్కన చోటు చేసి, ఇంకో గిన్నె పెట్టమని కోడలికి సైగ చేశాడు. ఆమె పెట్టింది, ఇంకేం చేస్తుంది? ఆయన చాలాసేపు గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. గిన్నెలో టీ చల్లారిపోయింది.

అయినా డాక్టరు చెప్పింది కదా అని ఆమె పట్టు వదల్లేదు. గొడ్డలి అంది, గొర్రెపిల్ల అంది, ఊట అంది. ఒక్కొక్క మాటకీ చచ్చి బతికింది. ఫలితం ఏమిటయ్యా అంటే, ఇదివరకు అప్పుడప్పుడైనా చేసే పనులు కూడా ఆయన మానేశాడు. ఆమె మాట్లాడుతుంటే అందరికీ ఊపినట్టే ఆమెకీ తల ఊపడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆమె గదిలోకి రాగానే, చుట్టం వస్తే లేచినట్టు లేచి నిలబడ్డాడు. మామగారు కోడలికి లేచి నిలబడటం ఎక్కడైనా చూశామా? జిపార్ పొయ్యి దగ్గరికి వెళ్ళి, పొగ మీద వంక పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఉన్న కాస్త దారీ తన చేత్తో తనే మూసేశానని ఆమెకి అనిపించింది.

గడ్డి కోతలయ్యాయి. అక్క వస్తోందని ఎర్మెక్ పై మేత నుంచి గొర్రెను తీసుకుని దిగాడు. గుల్సున్ కారులో వచ్చింది. లోపల బొచ్చున్న చెప్పులు, మందులు, తండ్రి కోసం కొన్న ఊలు చొక్కా తెచ్చింది. వస్తూనే తండ్రి మెడ చుట్టూ చేతులేసి, “కిటికీ పక్కన నీకు మంచం వేయించాను అతా. కొండలు కనిపిస్తాయి,” అంది. ఆయన తల ఊపాడు. గుల్సున్ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ప్రేమకి వంక పెట్టడానికి లేదు, తప్పు పడదామంటే ఆవిడ తప్పేమీ లేదు. జిపార్‌కి అదే మరీ కష్టంగా ఉంది.

పెద్దాయనకి చివరి పరీక్ష చేసి, బిష్కెక్ డాక్టర్లకి కాగితం రాసివ్వడానికి బెర్మెత్ కూడా వచ్చింది. వాసన పట్టుకుని తిన్నగా వంటింట్లోకే వచ్చేసింది. “ఏమంటున్నారు మీ అతా?”

ఇంక దాచి ఏం లాభం? పులుసు కలుపుతూ జిపార్ అంతా చెప్పేసింది. “నేను చెడగొట్టానండీ. పేరు పెట్టి పిలిస్తే గుమ్మంకేసి చూశారు. ఎవరో వచ్చారని టోపీ పెట్టుకున్నారు. ఇప్పుడు నన్ను కూడా చుట్టంలా చూస్తున్నారు.”

బెర్మెత్ నోటి దగ్గర చెంచా ఆగిపోయింది. “టోపీ పెట్టుకున్నారా? గుమ్మంకేసి చూసి?”

“ఇంకో గిన్నె కూడా పెట్టించారు.”

“ఓసి పిచ్చి మొహమా. ఆయనకి అర్థం కాక కాదు, అర్థమయ్యే చూశారు. తన పేరు వినబడింది. మా కోడలు చస్తే ఈ పేరెత్తదు, కాబట్టి వచ్చింది ఇంకెవరో, అనుకున్నారు. ఎంత తెలివైన లెక్క అది.” చెంచా కింద పెట్టి నుదురు కొట్టుకుంది. “పొరపాటు నాది. మాటలు మంచాన పడ్డాయని నేను మాటల్నే చూశాను. నీ గొంతూ, నీ వంకర పేర్లూ ఆయన తలలో ఇన్నేళ్ళుగా కలిసే ఉన్నాయి. నీ గొంతు వినగానే నరికేది, మేమే, అన్నీ సిద్ధంగా లేచి కూర్చుంటాయి. దెబ్బ తినని వైపు వాళ్ళు దెబ్బ తిన్నవాడికి అందించేది అదే. నేను వెళ్ళి ఆ రెంటినీ విడగొట్టించాను. పద, నీ పాత పద్ధతిలో అడుగు.”

“ఏమని అడగనండీ?”

“పోతారో, ఉంటారో. అందరి ముందూ అడుగు. తల ఊపితే కుదరని ప్రశ్న అది.”

భోజనాల గుడ్డ పరిచారు. గొర్రె తలకాయ పెద్దాయన ముందు పెట్టారు. దాన్ని కోసి పంచే పని ఆయన చేతులకి ఇంకా బాగా తెలుసు. కత్తి అందుకుని, చెంప మాంసం నెమ్మదిగా కోసి పళ్ళెంలో వేస్తున్నాడు. జిపార్ కింది వైపు, టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన కూర్చుంది. గిన్నెలు చప్పుడు కాకుండా ఒళ్ళో పెట్టుకుంది. కాపరానికి వచ్చినప్పటి నుంచీ మాట్లాడే పద్ధతిలోనే, కొంచెం సాగదీస్తూ, తల వంచుకుని అడిగింది.

“అతా, వదిన మిమ్మల్ని తనింటికి తీసుకుపోతానంటోంది. మెట్లెక్కి మెట్లెక్కి పోవాలి ఆ ఇంటికి. అక్కడ మేమేలు ఉండవు. పారేది కూడా ఉండదు, నీళ్ళు గొట్టంలో వస్తాయి. నరికేది పడదామంటే కట్టెల పొయ్యే లేదు. పోతారా అతా? మాతో ఉంటారా?”

కత్తి ఆగింది. పెద్దాయన తల ఊపలేదు. ఊపలేదన్న సంగతి అక్కడున్న అందరూ చూశారు. ఆయన జిపార్ వంక చూశాడు. సంతలో తప్పిపోయిన మనిషి దొరికినట్టు చూశాడు. తర్వాత కూతురి వంక చాలాసేపు చూశాడు. చూసి, తల అడ్డంగా తిప్పాడు. వసంతం నుంచీ ఆయన ఎవరికీ కాదని చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు. చెప్పి, గొర్రె చెవి కోసి గుల్సున్ చేతిలో పెట్టాడు.

పెద్దలు చెవి పిల్లలకిస్తారు, చెప్పిన మాట వినమని. జుట్టు నెరుస్తున్న గుల్సున్ ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని బిత్తరపోయి చూసింది.

“నేనేం పరాయిదాన్నా అతా? నీకు మంచం కూడా వేయించాను కదా.”

ఆయన ప్రేమగా తల ఊపాడు.

“అదుగో, నీకు మర్యాద చేస్తున్నాడక్కా,” అన్నాడు ఎర్మెక్. “నీ భాష ఆయనకి రాదు. మా ఆవిడ భాషే వచ్చు.”

“నోర్ముయ్యి. నేను మాట్లాడలేననా?” గుల్సున్ సర్దుకుని కూర్చుంది. జిపార్ లాగే తల వంచి, గొంతు సాగదీసింది. “అతా, మేమేల మీద నీకు అంత ప్రాణమా? కన్నకూతురి కన్నా ఆ నరికేదే ఎక్కువా?”

పెద్దాయన కళ్ళు విప్పార్చి కూతుర్ని చూశాడు. ఒళ్ళో పెరిగిన పిల్ల, నోటికి హద్దూపద్దూ లేని పిల్ల, కొత్తకోడలిలా మాట్లాడుతోంది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత గడ్డం కదిలింది. తర్వాత ఆయన పగలబడి నవ్వాడు, టోపీ ఊడి పక్కన పడేదాకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో, సాదత్ పెద్దత్త పక్కింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“నన్ను చూసి నవ్వుతున్నాడు,” అంది గుల్సున్ ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో.

“నవ్వాడంటే మాట తెలిసింది, అన్నదెవరో తెలిసింది, ఆ నోట ఆ మాట రాకూడదనీ తెలిసింది,” అంది బెర్మెత్. “ఇంతకన్నా పెద్ద పరీక్ష నా సంచిలో లేదు వదినా. ఆయన్ని ఇక్కడే ఉంచండి. ఈ గొంతు దగ్గర ఉంటేనే మిగతా మాటలు కూడా ఒక్కొక్కటీ తిరిగొస్తాయి.”

గుల్సున్ చెవి ముక్క నోట్లో వేసుకుని నమిలింది. “సరే, విన్నాను. మంచం ఖాళీగానే పడుంటుంది, నేనే వస్తూ పోతూ ఉంటాను. జిపార్, ఊటని ఏమంటావు? పారేదా? మిగతావి కూడా చెప్పు, ఫోన్లో పనికొస్తాయి.”

“ఆడపడుచుకి కోడలు పాఠాలా,” అని సాదత్ గుమ్మంలోంచే అంది. “ఇదీ బాగానే ఉంది. నన్ను ఇప్పుడే పూడ్చకండి, ఇది చూడాలి నేను.”

అందరూ ఆవిడకేసి తిరిగి నవ్వుతుంటే పెద్దాయన మళ్ళీ కత్తి తీసుకున్నాడు. గొర్రె కన్ను జాగ్రత్తగా తీశాడు. ఆ ముక్క ఊరికే ఎవరికో ఇచ్చేది కాదు. ఎవరిని రోజూ కళ్ళెదుట చూసుకోవాలనుకుంటారో వాళ్ళకిస్తారు. ఆయన పక్కనున్న కొడుకుని దాటి, కూతుర్ని దాటి, డాక్టరమ్మని దాటి, గుడ్డ కింది కొస దాకా వంగి చెయ్యి చాచాడు. జిపార్ ఒళ్ళోని గిన్నెలు పక్కన పెట్టి, రెండు చేతులూ పట్టి అందుకుంది.